ఎర్ర చుక్కకి ఎర్ర చుక్క

మా అక్క మొగుడు వెర్లిన్ స్టాడర్డ్‌ని మా ఊరు ఫార్మింగ్‌టన్‌లో ‘విరగని వెర్లిన్’ అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారని అడగకండి. ఆయనే పెట్టుకున్నాడు, ఆయనే తన పికప్ వెనకద్దం మీద అంటించుకున్నాడు, ఎవరైనా ఉట్టి ‘వెర్లిన్’ అని ఊరుకుంటే ముందు సగం తనే అందిస్తాడు. ఇంతకీ విరగనిది ఏమిటయ్యా అంటే ఆయన నడుమూ కాదు, ఆయన మాటా కాదు. రిమోటుతో రాళ్ళెక్కించే చిన్న బండి కడుపు కింద, నా చూపుడువేలంత పొడుగుండే ఒక ఇనప కడ్డీ.

ఆ బండిని బొమ్మ అంటే బావ ముఖం మాడిపోతుంది. క్రాలర్ అనాలి. ఒళ్ళో పెట్టుకుంటే పట్టేంత బండి, మనిషి నడక కంటే నెమ్మదిగా, నాలుగు చక్రాలతో బండరాళ్ళ మీదికి పాకుతుంది. నేనూ నడుపుతాను కాబట్టి ఆ సరదాని ఏమీ అనను. పెన్షన్లు తీసుకునే వయసులో మోకాళ్ళ మీద కూర్చుని ఇసకరాతి మీద బుల్లి బళ్ళు ఎక్కించే మేము, ఊళ్ళోవాళ్ళు నవ్వుకోవడానికి సరిపడా వెర్రివాళ్ళమే. కాకపోతే మాలో చాలామందికి ఆ సంగతి తెలుసు. బావకి తెలియదు.

ఆయన పుట్టింది పక్కనే ఆజ్టెక్‌లో. పని చేసింది గ్యాసు బావులకి నీళ్ళు మోసే పెద్ద లారీల మీద. ఆ లారీల కింద షాఫ్టులు ఎన్ని విరిగాయో తోటి డ్రైవర్లని అడిగితే నవ్వుతారు. ఆయన్ని అడిగితే ఒకసారి రోడ్డు చెడ్డది, ఒకసారి లోడు ఎక్కువ, ఒకసారి మెకానిక్కు తాగి ఉన్నాడు. మా అక్క ఒలెటా ఆయన్ని మొదటిసారి చూసింది మా నాన్న టైర్ల షాపులో. పంక్చరు వేయించుకోడానికి వచ్చి, పంక్చరు వేస్తున్నంతసేపూ ఆ మేకుని తిట్టాడు, మేకు పారేసినవాణ్ణి తిట్టాడు, మేకులు తయారుచేసే ఫ్యాక్టరీని తిట్టాడు. తను చూసుకుని నడపలేదన్న మాట ఒక్కటే రాలేదు. అక్కకి నవ్వొచ్చి ఫక్కుమంది. ఆ నవ్వే కొంప ముంచింది.

మోకాలు అరిగి ఇంట్లో కూర్చున్నాక బావకి ఈ క్రాలర్ల పిచ్చి పట్టింది. గరాజులో చిన్న లేతు మిషను పెట్టించుకుని, స్టీలు కడ్డీలు తెచ్చి షాఫ్టులు తనే చెక్కుకోవడం మొదలెట్టాడు. షాఫ్టు పని ఏమిటంటే, బండి మధ్యలో గేర్‌బాక్సు తిప్పే తిప్పుడుని ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ అందించడం. చక్రం రాతి సందులో ఇరుక్కుని, మోటారు మాత్రం తిప్పుతూనే ఉంటే ఆ బలమంతా పడేది దాని మీదే. మా క్లబ్బు ప్రెసిడెంటు డెల్బర్ట్ బెనల్లీ షిప్‌రాక్ నుంచి వస్తాడు. రోజుకి నాలుగు మాటలకంటే ఎక్కువ మాట్లాడని మనిషి. అతను కావాలనే ప్లాస్టిక్ షాఫ్టులు వాడతాడు. బలం ఎక్కువైతే అది మెలితిరుగుతుంది, మరీ ఎక్కువైతే విరుగుతుంది, జేబులోంచి ఇంకోటి తీసి వేసుకుంటాడు. లోపలి గేర్లు మాత్రం ఏళ్ళతరబడి చెక్కుచెదరవు.

అతన్ని చూసి బావ వేసే వెటకారం అంతా ఇంతా కాదు. ప్లాస్టిక్ వాడేవాడు సగం మగాడంటాడు. స్టీలు షాఫ్టు పైకెత్తి, క్లబ్బులో కొత్తగా చేరినవాళ్ళ ముక్కుల ముందు ఆడిస్తూ, నా బండి కింద ఇంతవరకూ ఒక్కటి విరగలేదు అంటాడు. నిజమే, విరగలేదు. దాని వెనక గేర్‌బాక్సు పళ్ళు రాలిపోయాయి, ముందు ఇరుసులోని గేరు పిండయింది, అవన్నీ బావ గరాజు తలుపు మూసుకుని గుట్టుగా మార్చుకున్నాడు. ఎప్పుడైనా నేను అడిగితే, “షాఫ్టు విరగలేదు కదా, మరదలా” అంటాడు. ఆ ఇంట్లో కూడా అదే వరస. ఆయన ఎన్నడూ వంగడు, మెలితిరగడు. ఆ దెబ్బ ఎవరి మీద పడుతోందో వెనక్కి తిరిగి చూసుకోవాల్సిన అవసరం ఆయనకి కనిపించలేదు.

ఇక్కడ ఒక్క చిన్న సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. షాఫ్టు ఒక్క కడ్డీ కాదు. ఒకదాంట్లోకి ఒకటి దూరే రెండు ముక్కలు. బండి గతుకులెక్కినప్పుడు సాగడానికీ ముడుచుకోడానికీ అలా చేస్తారు. రెండు చివర్లా చిన్న చీలికల్లాంటి కీళ్ళుంటాయి. ముక్కలు జత చేసేటప్పుడు ఆ రెండు చీలికలూ ఒకే దిక్కు చూడాలి. ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా పడిందా, షాఫ్టు తిరిగిన ప్రతిసారీ వణుకుతుంది, ఆ వణుక్కి కీలు స్క్రూ వదులై, చివరికి ఊడి పడుతుంది. అది ఎంత మంచి స్టీలైనా సరే. మాలో కొత్తవాళ్ళు చేసే మొట్టమొదటి తప్పు ఇదే. దీని మీద గంటసేపు పాఠం చెప్పేది ఎవరనుకున్నారు, మా బావే.

పాఠమైతే చెప్తాడు గానీ ఆ చీలికలు ఆయనకి కనిపించవు. దగ్గరి చూపు పోయి చాలాకాలమైంది. కళ్ళజోడు పెట్టుకోమంటే ఒంటికాలి మీద లేస్తాడు. హోటల్లో మెనూ చేతికిస్తే చెయ్యి ఎంతవరకూ చాస్తే అంతవరకూ చాచి, అదీ చాలక, “నువ్వేది చెప్తే అదే నాకూ” అని అక్క మీదికి తోసేస్తాడు. అక్క ప్రతిసారీ పచ్చిమిరప స్టూ చెప్తుంది. ఊళ్ళో అందరూ వెర్లిన్‌కి స్టూ అంటే ప్రాణం అనుకుంటారు.

అక్క ఏం చేసిందంటే, తన ఎర్ర నెయిల్ పాలిష్ తీసుకుని, షాఫ్టు రెండు ముక్కల మీదా ఒక్కో చుక్క పెట్టింది. లావుపాటి చుక్కలు, గుడ్డివాడికైనా కనబడేంత. ఎర్ర చుక్కకి ఎర్ర చుక్క ఎదురొచ్చేలా దూర్చితే చీలికలు వాటంతటవే సరిపోతాయి. ఇసకకి ఆ రంగు ఊరికే రాలిపోతుంది. రాలినప్పుడల్లా, బావ కాఫీ తాగే వేళ చూసుకుని, గరాజులోకి వెళ్ళి మళ్ళీ పెట్టి వచ్చేది. ఆ చుక్కల గురించి ఆవిడ చెప్పలేదు, ఆయన అడగలేదు. విరగని వెర్లిన్ గారి ప్రఖ్యాతి ఇన్నాళ్ళూ నిలబడింది ఆ పాలిష్ సీసా మీద.

మొన్న వసంతంలో చోక్‌చెర్రీ లోయలో పోటీ జరిగింది. బావ గెలిచేవాడే. రాళ్ళ మధ్య దారి చూపే జెండాల జతని గేటు అంటాం, చివరి గేటు ముందు ముందరి షాఫ్టు ఊడి, బండి వెల్లకిలా పడింది. అందరూ చుట్టూ చేరారు. అక్క అక్కడికి పది అడుగుల దూరంలో బల్ల దగ్గర నిలబడి, క్లబ్బువాళ్ళకి గిన్నెల్లో స్టూ పోస్తోంది. టైమయ్యాక బావ షాఫ్టు చేతిలోకి తీసుకుని, తల అటూ ఇటూ ఊపి, అందరికీ వినబడేలా చెప్పాడు.

“దీని మీద మా ఆవిడ చెయ్యి పడింది. గరాజులోకి రావద్దంటే వినదు. ఆడచెయ్యి తగిలిన షాఫ్టు ఇలాగే ఉంటుంది మరి.”

కొందరు నవ్వారు. అక్క తలెత్తలేదు. వరసలో ఉన్నవాళ్ళందరికీ స్టూ పోసింది, ఆయనకీ పోసింది, రొట్టె కూడా పక్కన పెట్టింది. ఆ సాయంత్రం ఒక సంచీతో మా ఇంటికొచ్చింది. ఏమైందక్కా అని నేను అడగలేదు, అక్కడే ఉన్నాను కదా.

“చుక్క లేని ముక్క అది, నెల్డా,” అంది కుర్చీలో కూలబడి. “పొద్దున్నే కొత్త ముక్క తీసి తనే బిగించుకున్నాడు. నాతో చెప్పను కూడా చెప్పలేదు. ఆయనకి తెలుసు. తెలిసే నా పేరు చెప్పాడు.”

మా ఇంటి తాళంచెవి ఒకటి ఇచ్చాను. దాన్ని తన ఇంటి తాళంచెవి ఉన్న రింగుకే తగిలించుకుంది.

ఆ వేసవంతా బావ చేసిన ఘనకార్యం ఏమిటంటే, నాకు ఒంట్లో బాగోలేదని, అక్క నాకు సాయానికి వెళ్ళిందని ఊరంతా చాటింపు వేయడం. కిరాణా కొట్లో, బ్యాంకులో, చర్చి మెట్ల మీద, కనబడ్డవాళ్ళల్లా జాలిగా నా చెయ్యి పట్టుకోవడమే. ఒకావిడైతే నా కోసం గిన్నెడు క్యాసరోల్ ఓవెన్లో వండి తెచ్చింది. అది మేమిద్దరం తిన్నాం, బాగానే ఉంది. బావ మధ్యమధ్య ఫోన్ చేసేవాడు. కుక్కర్ మూత ఎక్కడుంది, వాషింగ్ మిషన్ ఎందుకు మూలుగుతోంది, ఇవీ ప్రశ్నలు. తప్పయిపోయింది అన్న ముక్క మాత్రం ఆ ఫోన్లోంచి ఒక్కసారి కూడా బయటికి రాలేదు. ఆ మనిషి గొంతులో ఆ మాటకి దారే లేదని నేను అన్నాను. అక్క కిటికీ తెర కాస్త జరిపి వీధిలోకి చూసింది. అక్కకి ఆయన మీద ఇంకా ఆశ ఉందని, ఆ చూపులోనే తెలిసింది. నాకు ఒళ్ళు మండింది.

శరత్కాలం పోటీ దగ్గరపడింది. తనూ వస్తానంది అక్క. ఎందుకక్కా, మళ్ళీ తిట్లు తినడానికా అన్నాను.

“ఒక్కసారి చూస్తా,” అంది. “ఈసారి కూడా ఏదైనా ఊడి, నా పేరే చెప్పాడనుకో, ఆ ఇంటి తాళంచెవి తీసి ఆయన టూల్‌బాక్సులో పడేసి వస్తా. ఇంక నన్ను ఎవరూ అడగొద్దు.”

మా పోటీల్లో ఒక మాటుంది. బండి ఇరుక్కున్నా, బోల్తాపడినా, నడిపేవాడు దాన్ని చేత్తో ముట్టుకోవచ్చు. ముట్టుకునే ముందు మాత్రం ‘టచ్’ అని పైకి చెప్పాలి. జడ్జి చెప్పకూడదు, పక్కవాళ్ళు చెప్పకూడదు, ఎవడి బండికి వాడే చెప్పుకోవాలి. దానికి పాయింట్లు పోతాయి. చెప్పాక బండిని ఎక్కడ పడిందో అక్కడే నిలబెట్టి, అక్కణ్ణుంచే మళ్ళీ మొదలెట్టాలి, ఒక్క అంగుళం కూడా ముందుకి జరపడానికి లేదు. వేరే ఎవరి చెయ్యి బండికి తగిలినా ఆట పోయినట్టే. మేమందరం రోజుకి పదిసార్లు టచ్ అంటాం, అందులో సిగ్గేముంది. బావ ఇన్నేళ్ళలో ఒక్కసారి అనలేదు. బండి ఇరుక్కుంటే చేతులు కట్టుకుని, టైమయ్యేదాకా ఆకాశం చూస్తూ నిలబడి, తర్వాత టైము చాల్లేదని చెప్తాడు.

ఆ రోజు మూడో వరస రాళ్ళకి జడ్జిని నేను. బావ కొత్త షాఫ్టులతో వచ్చాడు, అంతకుముందు వాటికంటే రెట్టింపు లావు. మీసం దువ్వుకుని, నన్ను చూసి, “ఒంట్లో ఎలా ఉంది మరదలా?” అన్నాడు. నీ దయవల్ల ఊరంతా పరామర్శించిపోయారు బావా, ఇంక గుండ్రాయిలా ఉన్నాను అన్నాను. అక్క కాస్త దూరంలో మడతకుర్చీ వేసుకుని, ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చుంది. అటు చూడనట్టు నటిస్తూ అటే చూస్తున్నాడు.

బండి మొదలైనప్పుడే నాకు తెలిసిపోయింది. కింద నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు. డెల్బర్ట్ నా పక్కకొచ్చి, తల ఒక్కసారి వంచి విని, నిట్టూర్చాడు. బావ మాత్రం గంభీరంగా రిమోటు పట్టుకుని మొదటి గేటు దాటించాడు, రెండోది దాటించాడు. ఏటవాలు బండ మీద సగం ఎక్కాక ఆ లావుపాటి షాఫ్టు ముందు చివర ఊడి, వేలాడి, రాతికి గీసుకుంటూ ఆగిపోయింది. ముందు చక్రాలు చచ్చుబడ్డాయి. బండి అక్కడే అతుక్కుపోయింది.

బావ చేతులు కట్టుకున్నాడు. ఆకాశం చూశాడు. నేను గడియారం చూస్తున్నాను. అప్పుడు డెల్బర్ట్ బండ పక్కన గొంతుక్కూర్చుని, ముట్టుకోకుండానే, కిందికి వంగి చూశాడు.

“అడ్డం పడింది,” అన్నాడు. “ఒక చివర.”

అంతే అన్నాడు. కొత్తగా చేరినవాళ్ళు కొందరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళందరికీ ఆ పాఠం చెప్పింది బావే కదా. స్టీలు మెరుస్తోంది, గీత కూడా పడలేదు, విరగలేదు. దాని మీద ఎక్కడా ఎర్ర చుక్క లేదు.

బావ నోరు తెరిచాడు. ఏం చెప్తాడో నాకు తెలుసు, అక్కడున్న సగం మందికి తెలుసు. అక్క సంచీలో చెయ్యి పెట్టింది. తాళంచెవుల గలగల నాకు వినబడింది, ఆయనకీ వినబడే ఉంటుంది. నోరు మూశాడు. మళ్ళీ తెరిచాడు. ఇంత వయసొచ్చి, నీళ్ళు నములుతూ అలా నిలబడ్డ మనిషిని చూస్తే నాకు జాలేసిందని చెప్పను. చాలా తృప్తిగా ఉంది.

“టచ్,” అన్నాడు.

గొణిగినట్టు అన్నాడు. నేను జడ్జిని కాబట్టి, “వినపడలేదు బావా” అనే హక్కు నాకుంది. ఆ హక్కు వాడుకున్నాను.

“టచ్,” అన్నాడు గట్టిగా. “నేనే బిగించాను. నాకు కనబడలేదు.”

మోకాలు పట్టుకుని కింద కూర్చుని, బండిని పక్కకి వాల్చి, షాఫ్టు తీశాడు. ముక్కలు రెండూ లాగి, తిప్పి, మళ్ళీ దూర్చబోయాడు. చెయ్యి చాచినంత దూరం చాచాడు, దగ్గరికి తెచ్చుకున్నాడు, కళ్ళు చిట్లించాడు. కీలు స్క్రూ వేళ్ళ సందులోంచి ఇసకలో పడింది. తడుముకుంటున్నాడు. టైము పోతోంది. ఎవరూ కదలలేదు, కదలకూడదు కూడా.

అక్క లేచింది. ఆవిడ వేలు తగిలితే ఆట పోతుంది. ఆవిడ బండి వంక చూడను కూడా చూడలేదు. తన ముక్కు మీది కళ్ళజోడు తీసి, మడిచి, ఆయన చేతిలో పెట్టి, వెనక్కి వెళ్ళి కుర్చీలో కూర్చుంది. ఊదారంగు ఫ్రేము, పక్కల తళుకు రాళ్ళు పొదిగింది. కళ్ళజోడు బండి కాదు, కాబట్టి రూల్సులో దానికి అడ్డేమీ లేదు. డెల్బర్ట్ నా వైపు చూశాడు. ఆడించు అన్నట్టు నేను తలూపాను.

బావ దాన్ని చూశాడు, చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు. పెట్టుకున్నాడు. లారీలు తోలిన ఆ మొహం మీద, ఆ మీసం మీద, ఊదారంగు తళుకులు. ఎవడో కిసుక్కుమన్నాడు. డెల్బర్ట్ వాడి వైపు ఒక్క చూపు చూశాడు, నోరు మూతపడింది. బావకి ఇసకలో స్క్రూ కనిపించింది. చీలికలు కనిపించాయి. ఒకే దిక్కుకి తిప్పి, దూర్చి, బిగించి, బండిని ఎక్కడ ఆగిందో అక్కడే నిలబెట్టాడు. నాలుగంగుళాలు పాకిందో లేదో టైమైపోయింది. ఆ వరసలో అందరికంటే వెనకబడ్డాడు.

కళ్ళజోడు తిరిగివ్వడానికి అక్క దగ్గరికి వెళ్ళాడు. అక్క అందుకోలేదు.

“మరి వసంతంలో పడ్డావు కదా, దాని సంగతి?” అంది. “ఎక్కడ పడ్డావో అక్కణ్ణుంచే మొదలెట్టాలంటారుగా.”

బావ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత జనం వైపు తిరిగి, బూట్ల వంక చూస్తూ, అప్పుడు ఆ ముక్క నేనే మార్చాను, ఒలెటా దాన్ని ముట్టుకోలేదు అని చెప్పాడు. వసంతంలో నవ్వినవాళ్ళెవరూ నవ్వలేదు. ఇంకా ఏదో చెప్పబోయి, ఆ ఎర్ర చుక్కలు, అని ఆగిపోయాడు.

“తెలుసా నీకు?” అంది అక్క.

“ఎప్పుడో తెలుసు.”

ఆ ఒక్క మాటకి నాకు ఆయన చెంప పగలగొట్టాలనిపించింది. తెలియక ఊరుకున్నాడనుకుంటే కొంతలో కొంత మేలుగా ఉండేది. అక్క మాత్రం తలూపి, సంచీలోంచి పాలిష్ సీసా తీసి, మూత విప్పి, చెయ్యి చాచింది. ఆట అయిపోయింది కాబట్టి ఇంక ఎవరు ముట్టుకున్నా ఫరవాలేదు. ఆయన బండి తెచ్చి ఒళ్ళో పెట్టాడు. కళ్ళజోడు ఆయన దగ్గరే ఉండిపోవడంతో ఆవిడకి సరిగా కనబడక, మొదటి చుక్క కాస్త పక్కకి పోయింది.

మారిపోయాడని మీరు అనుకోకండి. మధ్యాహ్నం భోజనాల దగ్గరికి వచ్చేసరికి, ఆ ఊదా కళ్ళజోడుతోనే కొత్తవాళ్ళని చుట్టూ కూర్చోబెట్టుకుని, షాఫ్టు ఎంత గట్టిదైనా జత కుదరకపోతే దండగని, చుక్క పెట్టుకునే పద్ధతి తనదేనని చెప్తున్నాడు. అక్క పక్కనే రొట్టె తుంచుకుంటూ వింటోంది. పికప్ వెనకద్దం మీద పేరు ఇప్పటికీ అలాగే ఉంది.

సాయంత్రం అక్క మా ఇంటికొచ్చి సంచీ సర్దుకుంది. ఇంత త్వరగానా అన్నాను. వాషింగ్ మిషన్ నిజంగానే మూలుగుతోందట, అంది. గుమ్మం దాకా వెళ్ళి, తాళంచెవుల రింగు చేతిలో అటూ ఇటూ తిప్పింది. మా ఇంటి తాళంచెవి తీసి ఇస్తుందనుకుని చెయ్యి చాచాను. అక్క రింగుని అలాగే కోటు జేబులో వేసుకుని, జిప్పు మూసుకుంది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.